బాట పక్క మైదాకు కంచె

సర్కారు బంగళా చుట్టూ కంచె పెంచే పని నాది. లోపలి వైపు క్రోటన్ల వరస, మోత్కూర్ బాట వైపు మైదాకు వరస, అంటే గోరింట. క్రోటన్ ఆకుకు ఎండ తగిలితేనే ఎరుపూ పసుపూ తేలతాయి. నీడలో ఉంటే పచ్చగానే ఉండిపోతుంది. కంచె అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలని, లేకపోతే కింది కొమ్మలు బోసిపోతాయని ఊరి గ్రంథాలయంలో ఒక పాత పుస్తకంలో చదివాను. బడికి పోయింది తక్కువ కాబట్టి చదివిన ప్రతిదీ చేసి చూసేవాణ్ణి. నా కంచెలో కోడిపిల్ల దూరే సందు కూడా ఉండేది కాదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

మాది జడ్చర్ల వైపు. ఇక్కడ నాకు చుట్టాలు లేరు. ఆషాఢం వస్తే మాత్రం పక్క వాడలోని ఆడవాళ్లు చేతులకు పెట్టుకోవడానికి మైదాకు కోసం వచ్చేవాళ్లు. లేత ఆకు కొంగుల్లోకి దూసుకుంటూ, నాకు పిల్లనెవరిస్తారని ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లు తుంచిన చోటల్లా కొమ్మలు గుబురుగా చిగిర్చేవి. వాళ్లలో ఒక అవ్వ నన్ను బిడ్డా అని పిలిచేది. ఒంట్లో బాగాలేనప్పుడు ఆమె ఇంటికే పోయేవాణ్ణి.

పోలీసు చర్య తర్వాత బంగళాలో సిపాయిలు దిగారు. భూముల కోసం పోరాడుతూ అడవుల్లో దాక్కున్న సంఘం వాళ్లకు అన్నం పెట్టారని ఊళ్లలో మగవాళ్లను పట్టుకొచ్చేవాళ్లు. సంఘం వాళ్లు చేరే చోటని గ్రంథాలయానికి తాళం పడింది. సిపాయిలున్న తోటకు నీళ్లు పోసేవాణ్ణని వాడవాళ్లు నన్ను చూసి దారి మార్చుకునేవాళ్లు. మాట్లాడే మనిషి లేక మొక్కలతో పైకే మాట్లాడటం మొదలుపెట్టాను.

మరుసటి ఆషాఢంలో ఆకు కోసం ఒక్కరూ రాలేదు. తుంచేవాళ్లు లేక మైదాకు తలకంటే ఎత్తు పెరిగింది. దాని వెనక ఎవరైనా నక్కుతారని, మోకాలి ఎత్తుకు నరికెయ్యమని సిపాయిల జమేదారు చెప్పాడు. నరికాను. కుప్పపడిన ఆకును పారేయబుద్ధి కాలేదు. అది తీసుకుపోతే ఆ వాడ నన్ను మళ్లీ దగ్గరికి రానిస్తుందనిపించింది. లేత ఆకు ఏరి బుట్ట నింపుకొని పోయాను.

అవ్వ వాకిట్లోనే ఉంది. బుట్టను ముట్టుకోలేదు.

“మా చిన్నోన్ని గా బంగ్లలకే తీస్కపోయిండ్రు. నువ్వు సూసినవా, బిడ్డా?”

చూడలేదన్నాను. తోట దాటి నన్ను లోపలికి రానివ్వరని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖంలోకే చూసింది.

“వాడు ఉన్నడో లేడో ఎరుక లేకపాయె. నా కోడలు చేతులు ఎర్రగ జేస్కొని ఎవలకు సూపెట్టాలె?”

కోడలు గడపలో నిలబడి ఉంది. నేను బుట్ట ఎత్తుకొని వెనక్కి తిరిగాను.

“ఆకు తేకు,” అంది అవ్వ. “నువ్వైతె రా. ఏమన్న తిన్నవా?”

బుట్ట బయటే పెట్టి లోపలికి పోయాను. ముంతలో అంబలి పోసి ఇచ్చింది.

తర్వాత కూడా పోయాను, వట్టి చేతులతోనే. పోయిన ప్రతిసారీ అత్తాకోడళ్లు ఇద్దరూ పని ఆపి నా ముఖం చూసేవాళ్లు. ఏమీ అడిగేవాళ్లు కాదు. చెప్పడానికి నా దగ్గర చిన్నోడి కబురేమీ ఉండేది కాదు. కొన్నాళ్లకు పోవడం నేనే మానుకున్నాను.