గడపకి ఇటు నువ్వు, అటు మీరు

గిస్బర్ట్ రోరిష్ ఓక్ తలుపుకి చిత్రిక పడుతుండగా చర్చి గంట ఆరు కొట్టింది. చేతులు ఆగాయి. చెక్క మీది పొట్టు ఊదేశాడు. చిత్రికని పక్కకి ఒరిగించి పెట్టాడు. తోలు ముందుగుడ్డ విప్పి మేకుకి తగిలించి, నల్లకోటు తొడుక్కుని, కార్ఖానాకీ వెనక గదికీ మధ్యనున్న గడప దాటాడు. దాటాక ఆయన వడ్రంగి కాడు, ఎర్లెన్‌రోట్ ఊరి మేయరు. మేయరుకి ఊళ్లో ఎవరూ తెలియదు. అదీ ఆయన వింత.

ముప్పై ఒక్క ఏళ్లుగా మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఇదే వరస. మూడువందల మంది ఉన్న ఊరు. సగం మంది ఆయన చుట్టాలు, మిగతా సగం మంది ఇళ్లకి ఆయనే కిటికీలు బిగించాడు. గడపకి ఇటు అందరూ "ఏరా", "నువ్వు". అటు అందరూ "మీరు", "గారు". వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మొదట పేరు అడుగుతాడు. సొంత తమ్ముడైనా సరే.

పెళ్లయి పాతికేళ్లు నిండిన వేడుకకి ఊరి హాలు కావాలని ఆయన భార్య ఇర్మ్‌ట్రాడ్ ఓసారి ఆ గదికి వెళ్లింది.

"వేడుక ఎవరిదండీ?" అన్నాడు మేయరు.

"మనది."

"మనదంటే?"

"నాదీ, నా మొగుడిదీ."

"ఆయనకి ఇష్టమేనా?"

"ఎదురుగానే ఉన్నాడుగా, అడిగి చూడండి."

"ఆయన ఏడింటికి గానీ రారు," అని మేయరు కాగితం మీద రాసుకున్నాడు.

ఇంకోసారి తన చెక్కల కొట్టుని వీధిలోకి రెండడుగులు జరుపుకోవాలని వడ్రంగికి బుద్ధి పుట్టింది. టోపీ చేత్తో పట్టుకుని గదిలోకెళ్లి, వచ్చినవాళ్ల కుర్చీలో కూర్చుని అర్జీ రాశాడట. లేచి బల్లకి అటువైపు కూర్చుని, స్థలం పటం జతచెయ్యలేదని తిరగ్గొట్టాడట. వారం రోజులు మేయరు పేరెత్తితే మండిపడ్డాడట. ఇది కళ్లారా చూసినవాళ్లు లేరు గానీ, నమ్మనివాళ్లూ లేరు.

ఈ కథలన్నీ ఊరంతా తిప్పిన ఘనత పాడిరైతు ఆల్విన్ క్లేజర్‌ది. ఆల్విన్, గిస్బర్ట్, రిటైరైన పోస్ట్‌మాన్ ఇవాల్డ్ ముగ్గురూ నలభై ఏళ్లుగా ప్రతి గురువారం ఊళ్లో ఉన్న ఒకే ఒక్క హోటల్లో పేకాడతారు.

"గ్లాసు ఖాళీ అయింది. మీ ఇద్దరిలో తాగింది ఎవర్రా?" అంటాడు ఆల్విన్ గిస్బర్ట్‌తో.

"వడ్రంగి. మేయరు ముట్టడు."

"మరి మా వీధి గుంటలు ఎప్పుడు పూడుస్తావు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? మంగళవారం వెళ్లి ఆయన్నడుగు."

ఇంత వేళాకోళం చేసే ఆల్విన్ ఆ గడప మాత్రం ఒక్కసారీ దాటలేదు. కాగితాలున్న చోటికి ఆయన వెళ్లడు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు. బడి గంట కొట్టే వేళకి ఎప్పుడూ ఆవుల దగ్గరే ఉండేవాడు. చదవడం రాలేదు. ఆ సంగతి భార్య రోస్విటాకి తప్ప ఎవరికీ తెలియదు. ఉత్తరాలు ఆవిడే చదివేది, జవాబులు ఆవిడే రాసేది. హోటల్లో ఆవిడ పక్కన లేకపోతే "ఇవాల్డ్ తినేదే నాకూ తెండి" అనేవాడు. ఇవాల్డ్‌కి పంది కాలేయం ప్రాణం. ఆల్విన్‌కి కాలేయం పడదు. నలభై ఏళ్లు తిన్నాడు.

మార్చిలో రోస్విటాకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. పట్నం ఆసుపత్రిలో చేర్చారు. పది రోజులకి ఇంటికి మందపాటి కవరొకటి వచ్చింది. అందులోని కాగితాలు నింపి శనివారం మధ్యాహ్నంలోగా ఇవ్వాలని నర్సు ఫోన్లో చెప్పింది. ఇస్తే తర్వాతి చికిత్సకి కొండ కింది ఊళ్లోని వైద్యశాలలో మంచం దొరుకుతుంది, ఆల్విన్ రోజూ సైకిల్ మీద వెళ్లి రావచ్చు. ఇవ్వకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, రోస్విటాని రెండు రైళ్లు మారేంత దూరం పంపుతారు. మాట రాని మనిషి, కొత్తవాళ్ల మధ్య.

కవరు సొరుగులో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఇవాల్డ్‌ని అడుగుదామా అనుకున్నాడు. ఇవాల్డ్ చెవిన పడితే మర్నాటికి పక్క ఊరి ఆవులక్కూడా తెలిసిపోతుంది. గిస్బర్ట్‌ని అడగడమంటే ఇక గురువారం ఆ బల్ల దగ్గర తలెత్తి కూర్చోవడం కుదరదు. అలా శుక్రవారం దాకా వచ్చింది. ఆరూ పదికి కార్ఖానాలోంచి నడిచి గడప దాటాడు.

"కూర్చోండి. పేరు?"

"ఏంట్రా, నా పేరు నీకు తెలీదా?"

"చెప్తేనే కదండీ తెలిసేది."

"ఆల్విన్ క్లేజర్."

"చెప్పండి క్లేజర్ గారూ."

ముప్పై ఒక్క ఏళ్లు వెక్కిరించిన మాటే అది. ఈ సాయంత్రం మాత్రం గడ్డిమోపు దించుకున్నట్టు భుజాలు తేలికపడ్డాయి. ఎదురుగా ఉన్నది తనతో పేకాడే మనిషి కాదు. ఆల్విన్ కవరు బల్ల మీద పెట్టాడు.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ."

కళ్లజోడు చొక్కా జేబులోంచి తొంగి చూస్తూనే ఉంది. మేయరు అటు చూడలేదు.

"ఫర్లేదండీ. కాగితం ఎవరిదైనా నేను పైకి చదువుకోవాలి. లేకపోతే నా బుర్రకెక్కదు."

పదకొండు పేజీలు. గోళ్ల అంచున రంపపు పొట్టున్న వేలు ఒక్కో వరస కింద కదిలింది. అడగడం, రాయడం, రాసింది మళ్లీ చదివి సరిచూడటం. చెక్క కోసేముందు కొలత రెండుసార్లు చూసుకునే పద్ధతే.

"ఆవిడ అలవాట్లు ఏమిటని అడుగుతున్నారండీ."

"కిటికీ పక్కన మంచం కావాలి. కాఫీలో పాలెక్కువ ఉండాలి. దీపం పూర్తిగా ఆర్పకూడదు. ఎవరికీ చెప్పదు గానీ, చీకటంటే భయం."

మేయరు అన్నీ రాశాడు. ఆఖరి పేజీలో అడగకుండానే ఇంకో వరస కలిపాడు. "ఇకమీదట ఏ విషయమైనా ఫోన్లోనే చెప్పాలని రాశానండీ. ఉత్తరాలు పోతుంటాయి."

"మన ఊళ్లో ఒక్క ఉత్తరమూ పోలేదండీ. ఇవాల్డ్ దాన్ని తలుచుకుని ఇప్పటికీ మురిసిపోతాడు."

"పోవచ్చండీ," అన్నాడు మేయరు గంభీరంగా.

సంతకం ఎక్కడో వేలితో చూపించాడు. రోస్విటా నేర్పిన ఆకారాన్ని ఆల్విన్ నెమ్మదిగా గీశాడు. గంట ఏడు కొట్టింది. ఇద్దరూ కార్ఖానాలోకి వచ్చారు. గిస్బర్ట్ కోటు విప్పి, ముందుగుడ్డ కట్టుకుని, చిత్రిక అందుకున్నాడు.

"ఏరా ఆల్విన్, ఎప్పుడొచ్చావు? రోస్విటాకి ఎలా ఉంది?"

ఆల్విన్ ఆ మొహంలోకి వెతికినట్టు చూశాడు. అందులో ఏమీ దొరకలేదు. చేత్తో కవరు పట్టుకుని రోస్విటా సంగతంతా మొదటినుంచీ చెప్పాడు. గిస్బర్ట్ అప్పుడే వింటున్నట్టు విన్నాడు.

"కొండ కిందైతే దగ్గరే. ఆదివారం నేనూ వస్తా."

ఇంటికి వెళ్తూ ఆల్విన్ లెక్కేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదికి ఎందరు వెళ్లారో, ఏమేమి బల్ల మీద పెట్టారో. అందులో ఒక్క ముక్కా ఏ గురువారమూ పేకబల్ల దాకా రాలేదు.

శనివారం పదిన్నరకి వైద్యశాల కౌంటర్లో ఒకావిడ పేజీలు తిప్పింది.

"ఒక్క గడి కూడా ఖాళీ లేదే. ఎవరు నింపారండీ?"

"మా మేయరు."

"మీకు బాగా తెలిసినాయనా?"

ఆల్విన్ ఆలోచించాడు. "వడ్రంగి అయితే నలభై ఏళ్లుగా తెలుసండీ. మేయరుతో నిన్ననే పరిచయం."

ఆవిడకి అర్థం కాలేదు. కాగితాలు కవర్లో పెట్టి, మీద ముద్ర వేసి, లోపలికి తీసుకుంది.