లైసెన్సుకి పురుడు

మొన్న మా చిన్నమ్మాయి కారు లైసెన్సు తెచ్చుకుంది. అరచేతిలో పట్టే కార్డు, దాని మీద దొంగతనంలో పట్టుబడ్డప్పుడు తీసినట్టు ఒక ఫొటో. దాంతో పాటు డ్రైవింగ్ స్కూలువాళ్లు ఒక రంగుల కాగితం కూడా చేతిలో పెట్టారు. లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లు కావాలంటే మళ్లీ వచ్చి వానలో, హైవే మీద, ఇరుకు సందుల్లో ఇంకొన్నాళ్లు నేర్చుకోవచ్చట. మా అమ్మాయి ఆ కాగితాన్ని మడిచి పడవ చేస్తూ, "పాపా, లైసెన్స్ మిల్ గయా, అబ్ ఔర్ క్యా సీఖ్‌నా?" అంది. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు చెప్పడం వీళ్ల తరం అలవాటు, అడక్కపోయినా హిందీలోనే చెప్తారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. లైసెన్సొచ్చాక ఇంకా నేర్చుకునేదేముందని, సరిగ్గా ఇదే మాట ఎనభైల్లో నేను మా పెదనాన్నతో అన్నాను. దానికి ఆయనిచ్చిన జవాబు నెల రోజులు సాగింది. అది చాలక ఇంకో పదకొండు రోజులు పొడిగించాల్సొచ్చింది.

నా మాటల్లో సగం కోసేసి మిగతా సగం నమ్మాలని మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఈసారి ఆ శ్రమ అక్కర్లేదు, కోయాల్సింది ఎక్కడొస్తే అక్కడ నేనే చెప్తాను. మా పెదనాన్న జంషెడ్‌పూర్‌లో పెద్ద ఫ్యాక్టరీలో హెవీ డ్రైవరు. బొబ్బిలి పక్క నుంచి పదిహేడేళ్ల వయసులో వచ్చి, క్లీనరుగా చేరి, స్టీరింగు దగ్గరికి రావడానికి ఆరేళ్లు పట్టిన మనిషి. ఆయన దగ్గితే లారీ దానంతటదే ఆగేదని మా కాలనీలో చెప్పుకునేవారు (ఇది కోసెయ్యండి). కానీ ఆయన బండికి ముప్పై ఏళ్లలో గీత కూడా పడలేదన్నది నిజం. మా నాన్న టాటానగర్ స్టేషను దగ్గర రైల్వే ఫిట్టరు. ఈ ఊరొచ్చిన ఇద్దరన్నదమ్ములకీ ఇనుముతోనే బతుకు. నాకు మాత్రం ఇంటరు రెండుసార్లు తప్పాక ఏదీ అంటుకోలేదు. చివరికి మా నాన్న తెగేసి చెప్పాడు: "నెలాఖరుకి నీకేదేనా పని దొరికిందా, సరి. లేదా, బొబ్బిలెల్లిపోయి మీ చిన్నాన్న రైసు మిల్లులో తవుడెత్తుకో." తవుడు మీద నాకు కోపం లేదు. కానీ జంషెడ్‌పూర్ వదిలి వెళ్లడమంటే, సాయంత్రమయ్యేసరికి కొలిమి వెలుగుకి ఎర్రబడే ఆ ఆకాశాన్ని వదిలి వెళ్లడం. ఇరవై ఏళ్లవాడికి అది మామూలు సంగతి కాదు.

ఆ సమయంలోనే నాకు లైసెన్సొచ్చింది. ఆ రోజు సైకిలు మీద ఇంటికి వస్తూ దారిలో ఉన్న ప్రతి కుక్కకీ హారను కొట్టాను, నోటితోనే. గమ్హరియాలో చిన్న వర్క్‌షాపు నడిపే ఒక సర్దార్జీ తన జీపుకి డ్రైవరు కోసం చూస్తున్నాడు. అక్కడ తయారైన విడిభాగాలను రోజూ పెద్ద ఫ్యాక్టరీ లోపలికి చేరవెయ్యాలి. ఒకటో తారీకు నుంచి పని మొదలు. "లైసెన్స్ హై, గేట్ పర్మిట్ హై, తో తూ మేరా డ్రైవర్. నహీ తో ఆదిత్యపూర్ మే ఏక్ లడ్‌కా బైఠా హై," అన్నాడు. రెండూ ఉంటే నేనే తన డ్రైవర్ని, లేకపోతే ఆదిత్యపూర్‌లో ఇంకో కుర్రాడు కాచుక్కూర్చున్నాడట. ఇక్కడ ఆ గేటు పర్మిట్ సంగతి చెప్పాలి. ఊళ్లో ఇచ్చిన లైసెన్సు ఫ్యాక్టరీ గేటు దాకానే చెల్లేది. లోపల అడుగడుక్కీ రైలు పట్టాలు, కరిగిన ఇనుము మోసుకెళ్లే వ్యాగన్లు, నెత్తి మీద తిరిగే క్రేన్లు. అందుకని కొత్తగా లైసెన్సు వచ్చినవాడు గేటు బయట ముప్పై రోజులు ఒక పాత డ్రైవరుని పక్కన కూర్చోబెట్టుకుని నడపాలి. దానికి ముప్పై గళ్లున్న చిన్న పుస్తకం ఇచ్చేవారు. రోజుకో గడిలో పాత డ్రైవరు సంతకం. గళ్లు నిండాక పరీక్ష, నెగ్గితే పర్మిట్. నెలాఖరుకి సరిగ్గా ముప్పై రోజులున్నాయి. సర్దార్జీ జీపు ఇచ్చాడు. పాత డ్రైవరు మన ఇంట్లోనే ఉన్నాడు. ఇంకేం కావాలి?

పుస్తకం పట్టుకుని పరుగెత్తుకెళ్లేసరికి పెదనాన్న డ్యూటీ దిగి వచ్చి, వసారాలో కూర్చుని అరికాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. లైసెన్సు తీసి చూపించాను. ఆయన దాన్ని ఎత్తి దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు.

"ఒచ్చిందేటిరా గుంటడా?"

"ఒచ్చేసింది పెదనాన్నా. ఇంక నేర్చుకునేదేటుంది, రోజూ సంతకం పెట్టీ, సాలు."

"బిడ్డ పుట్టినాది," అన్నాడాయన నింపాదిగా. "పుట్టిన బిడ్డ పుట్టిన్నాడే నడుత్తాడేటి? ముందల పురుడెల్లాల."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా లైసెన్సుని, ముప్పై గళ్ల పుస్తకాన్ని కలిపి పసుపు రాసిన గుడ్డలో చుట్టి, దేవుడి అలమరలో పెట్టేశాడు. పురిటి బిడ్డని పదిమంది చేతుల్లో పెట్టకూడదట. ఆ పుస్తకాన్ని ఆ తర్వాత నెలాఖరు దాకా నేను ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మొదటి పదకొండు రోజులూ క్వార్టర్ల వెనక మైదానం దాటనివ్వలేదు. అదీ రివర్సులోనే. ఇటుకలు రెండు వరసలుగా పేర్చి, వాటి మధ్య నుంచి వెనక్కి రమ్మనేవాడు. "ముందుకి ఎవుడేనా ఎల్తాడు. ఎనక్కి రావడం తెలిసినోడే డ్రైవరు," అనేవాడు. పదకొండు రోజులు ప్రపంచాన్ని భుజం మీంచే చూశాను. మెడ ఎంత తిరిగిపోయిందంటే, అన్నం తినేటప్పుడు మా అమ్మ కంచాన్ని నా వెనక పెట్టాల్సొచ్చింది (కోసెయ్యండి). పెద్దమ్మ రోజూ సాయంత్రం జీపుకీ నాకూ కలిపి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసేది. ఆమెకి ఇంకో భయం. "ఏమండీ, పురుట్లో ఉన్న గుంటడు, చలిగాలికి తిప్పకండి," అనేది. ఆమె ఆట పట్టించడానికే అంటోందో, నిజంగానే అంటోందో నాకు ఈ రోజుకీ తెలీదు. నాకు మాత్రం ఒళ్లంతా పులకింత. వెనక్కే వెళ్తే ఏం, ఇంజను చప్పుడు నా కాలి కిందదే కదా.

పన్నెండో రోజున బారసాల చేసి, జీపుకి చిట్టెమ్మ అని పేరు పెట్టి, సాక్చి బజారు దాకా అనుమతిచ్చాడు. ఇరవయ్యో రోజున అన్నప్రాశన అన్నాడు. అంటే వంతెన దాటి అవతలున్న మాంగో బస్తీకి వెళ్లడం. సువర్ణరేఖ మీద ఆ పాత వంతెన బస్సెక్కిందంటే పక్కన ఇంకో బండికి చోటుండని ఇరుకు. మా పిల్లలకి చెప్పిన కథలో ఆ వంతెన మీద నాకెదురుగా దల్మా కొండ దిగిన ఏనుగొచ్చింది. మా ఆవిడకి చెప్పినప్పుడు రెండు. నిజానికి వచ్చింది బస్సు, లోపలున్నంత మందీ బయట కూడా వేలాడుతూ. నేను అప్పటికే సగం దాటేశాను. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ, "అరే దూధ్ పీతా బచ్చా, పీఛే లే," అన్నాడు. పాలు తాగే పసివాడా, వెనక్కి తియ్యమని. పురిటి సంగతి వాడికెవరు చెప్పారా అనిపించింది. పెదనాన్న వైపు చూశాను. ఆయన నదిలో నీళ్లు చూస్తున్నాడు. నా వెనక పాల క్యాన్లు కట్టుకున్న ఒక సైకిలువాడు తప్ప ఎవరూ లేరు. గేరు వెనక్కి వేసి, సగం వంతెన అలాగే వెనక్కి వచ్చాను. ముందు సైకిలువాడు వెనక్కి నడుస్తూ, వాడి తర్వాత నేను వెనక్కి నడుపుతూ, నా ముందు బస్సు నింపాదిగా వస్తూ. రెండు కమ్మీల మధ్యా జీపు ఎక్కడా రాసుకోలేదు. దిగాక బస్సు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం తట్టి పోయాడు. పెదనాన్న అప్పుడు మాత్రం నీళ్ల మీంచి చూపు తిప్పి, "ఊఁ," అన్నాడు. నాకా ఊఁకారం మెడల్‌లా అనిపించింది.

మళ్లీ వంతెన ఎక్కి మాంగో చేరాక బజారులో జీపు ఆపించాడు. అన్నప్రాశననాడు పసివాడి ముందు పుస్తకమూ బంగారమూ కత్తీ పెట్టి, ఏది పట్టుకుంటాడో చూస్తారు కదా, అలా బోనెట్ మీద వరసగా స్పానరు, హారను బుడ్డి, పొట్లంలో వేడి జిలేబీ పెట్టాడు. చుట్టూ జనం మూగారు. నేను జిలేబీ తీసుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోన్లే. ఆకలి తెలిసినోడు బండాపి తింటాడు," అన్నాడు. తనూ ఒకటి తీసుకున్నాడు.

అలా ముప్పయ్యో రోజొచ్చింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెదనాన్నతో గేటు ఆఫీసుకి వెళ్లాను. సర్దార్జీ కూడా వచ్చాడు. అక్కడి ఆఫీసరు ఒడియా మనిషి, నెమ్మదస్తుడు. పెదనాన్న పసుపు గుడ్డ విప్పి పుస్తకం ఇచ్చాడు. ఆఫీసరు పేజీ తిప్పి, కళ్లజోడు సర్దుకుని, మొదటి వరస మీద వేలు పెట్టాడు. "యే క్యా లిఖా హై?"

తొంగి చూశాను. మొదటి పదకొండు గళ్లలోనూ సంతకం లేదు. ప్రతి గడిలోనూ గుండ్రటి తెలుగు అక్షరాలతో ఒకే మాట ఉంది: మైల.

గళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. పెదనాన్న మాత్రం పరీక్షలో జవాబు తెలిసిన పిల్లాడిలా ముందుకొచ్చి, బిడ్డ పుట్టాక పదకొండు రోజులు శుభకార్యానికి చెయ్యి పెట్టకూడదనీ, సంతకమంటే శుభకార్యమనీ, అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాననీ తన హిందీలో వివరించాడు. ఆఫీసరు అంతా విన్నాడు. "హమారే ఉధర్ ఇక్కీస్ దిన్ హోతా హై," అన్నాడు. వాళ్ల వైపు ఇరవై ఒక్క రోజులట, మేం పదకొండుతో తేల్చేశామట. నవ్వాడు కూడా. కానీ పుస్తకం మూసేశాడు. పరీక్ష ఈ రోజే పెడతాననీ, పర్మిట్ మాత్రం ముప్పై సంతకాలూ నిండాకేననీ అన్నాడు. పంతొమ్మిది ముప్పై కాదు కదా.

బయటికొచ్చి పెదనాన్న చెయ్యి పట్టుకున్నాను. "మైలన్నదాని పక్కన సంతకం పెట్టీ పెదనాన్నా. నువ్వు పక్కన కూకున్న మాట నిజవే కదా. నీకు పుణ్యవుంటాది."

ఆయన చేతిలో ఉన్న పసుపు గుడ్డని మడతపెట్టాడు. "నిజవే," అన్నాడు. "గానీ ఆ రోజు పెట్టనిది ఈ రోజు పెడితే దొంగ సంతకవే. ముప్పై ఏళ్లు నాను ఎయ్యలేదురా. తప్పు నాదే. నానే కడుగుతాను."

పరీక్ష నెగ్గాను. పట్టాలు దాటే చోట ఆగి, రెండు వైపులా చూసి, ఇరుకు షెడ్డులోంచి రివర్సులో బయటికి రమ్మంటే, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్యలాగే ఉంది. కానీ నెగ్గి ఏం లాభం? ఆదిత్యపూర్ కుర్రాడికి కబురు పెడతానని సర్దార్జీ సైకిలు రిక్షా ఎక్కబోతున్నాడు. పెదనాన్న వెళ్లి రిక్షా హ్యాండిలు పట్టుకున్నాడు. "సర్దార్జీ, ఆప్‌కో పర్మిట్‌వాలా హాథ్ మంగ్తా. గ్యారా దిన్ మై ఆతా." పర్మిటున్న చెయ్యే కదా కావాలి, పదకొండు రోజులు నేనొస్తానని. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప ముప్పై ఏళ్లలో సెలవు పెట్టని మనిషి, మర్నాటి నుంచి పదకొండు రోజులు సెలవు పెట్టాడు. ఇంటికొచ్చి చెప్తే మా నాన్న అన్నగారి మొహంలోకి చూసి, బొబ్బిలి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ పదకొండు రోజులూ గమ్హరియా నుంచి గేటు దాకా నేను నడిపేవాణ్ణి. గేటు ముందు ఆగి, ఇద్దరం దిగి, బోనెట్ చుట్టూ తిరిగి సీట్లు మార్చుకునేవాళ్లం. లోపల ఆయన నడిపేవాడు. నేను పక్కన కూర్చుని, ఏ మలుపులో క్రేను దిగుతుందో, ఏ పట్టా మీద వేడి వ్యాగను వస్తుందో ఆయన వేలు చూపిస్తుంటే చూసేవాణ్ణి. గేటు కాపలావాడు మమ్మల్ని చూడగానే, "ఆ గయే దూల్హా దుల్హన్," అనేవాడు. పెదనాన్న తనని పెళ్లికూతురన్నందుకు ఒక్కరోజు కూడా ఏమీ అనుకోలేదు. సాయంత్రం గేటు బయట దిగి, బోనెట్ మీద పుస్తకం పరిచి, కలం జేబులోంచి తీసి, పేరంతా ఒత్తులతో సహా రాసి, కింద గీత గీసేవాడు. సంతకం ఆరేదాకా ఊదేవాడు.

పన్నెండో రోజు పొద్దున్న పర్మిట్ నా చొక్కా జేబులో ఉంది. గేటు ముందు అలవాటుగా ఇద్దరం దిగాం. బోనెట్ దగ్గర ఎదురుపడ్డాం. ఆయన ఆగాడు. "నువ్వెక్కడికిరా దిగుతున్నావు? ఎక్కు," అన్నాడు. నేను ఎక్కాను. ఆయన ఎక్కలేదు. చిట్టెమ్మ తలుపు బయటి నుంచి వేసి, తెరుచుకుంటుందేమోనని ఒకసారి లాగి చూసి, మధ్యాహ్నం షిఫ్టు లోపు ఇంటికెళ్లి రావాలని బస్టాపు వైపు నడిచాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ల పైన ఒక్కణ్ణే నడిపాను, ఎన్ని గేట్లు దాటానో, ఎన్ని బండ్లు మార్చానో. ఆ ఏళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఏది ఎప్పటిదో తెలీకుండా కలిసిపోయాయి గానీ, ఆయన పక్కన కూర్చున్న ఆ పదకొండు రోజులు మాత్రం ఇప్పటికీ ఏ రోజుకా రోజు విడిగానే ఉన్నాయి.