స్ట్రెచరెక్కిన కాంపౌండరు

2022లో ఆదిత్యపూర్‌లో ఇనుము కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగ్ షాపులో ఫస్ట్‌ఎయిడ్ గది నా పోస్టింగు. హోదా మేల్ నర్సు. అందరి నోటా కాంపౌండరు. ఖర్కాయి నది వరదలో కొట్టుకొచ్చిన మొసలికి థర్మామీటరు పెట్టింది నేనేనని చెప్పుకు తిరిగేవాణ్ణి గనక, నా మాటలో సగం తీసేసి వినడం షాపులో ఆనవాయితీ.

విశ్వకర్మ పూజకు ఆపిన యంత్రాలు మర్నాడు పొద్దున్న మొదలవుతాయి. మొదటి బరువు ఎత్తే గౌరవం సీనియర్ క్రేన్ ఆపరేటరుది, అంటే అప్పలస్వామిది. ఆ రోజు క్రేన్ నిచ్చెన దగ్గర కొట్టబోతున్న కొబ్బరికాయ అతని కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి వాలింది. మాట ముద్దయింది.

“ఉపోసమున్నాడు కదా, కళ్లు తిరిగుంటాయి. బూందీ పెట్టండర్రా!” అన్నాడు ఫిట్టర్ సింహాచలం.

అడ్డుపడ్డాను. పక్షవాతం అనుమానముంటే, మింగగలడో లేదో వైద్యులు చూసేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్పిరిన్ కూడా వద్దు. మెదడులో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందో, నాళం చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. షుగరు చూస్తే బాగానే ఉంది.

నేను పిలిపించిన అంబులెన్సు వచ్చేసరికి మూతి చక్కబడింది, మాట తిరిగొచ్చింది. అప్పలస్వామి క్రేన్ ఎక్కడానికి నిచ్చెన పట్టుకున్నాడు.

“బావా, ఇది మినీ స్ట్రోకు. పెద్దది దీనెనకాలే వత్తాది. ఆసుపత్రికెల్దాం రా,” అన్నాను.

“ఎల్లి నీ మొసలికి సెప్పు!” అన్నాడు. అందరూ నవ్వారు.

సూపర్‌వైజరుతో క్రేన్ కరెంటు తీయించాను. దాంతో అలిగి, సీతారాండేరాలో ఇంటికి పోయి పడుకుంటానన్నాడు. అది ఇంకా ప్రమాదం. నిద్రలో పెద్దది వస్తే చూసే దిక్కుండదు.

నేను గుండె పట్టుకుని కూలబడ్డాను.

“ఓలమ్మో! ఏటైనాది బావా?” అంటూ ముందుగా పరుగెత్తుకొచ్చింది అప్పలస్వామే. నన్ను స్ట్రెచర్ మీదికి ఎక్కించి తానూ అంబులెన్సెక్కాడు. “అరే భాయ్, జల్దీ చలావ్! మనిసి పోతన్నాడు!” అని డ్రైవరు మీద కేకలు. దారంతా నా అరికాళ్లు రుద్దుతూ, ఇన్ని అబద్ధాలాడితే దేవుడు ఊరుకుంటాడా అని తిట్టాడు.

ఎమర్జెన్సీ గుమ్మంలో నేను లేచి, స్ట్రెచర్ మీద అతన్ని కూర్చోబెట్టాను. ఎప్పటిదాకా మామూలుగా ఉన్నాడో డాక్టరమ్మకు చెప్పాను. మొట్టమొదట కావలసిన సమాచారం అదే.

“ఓరి దొంగ సచ్చినోడా!” అన్నాడు అప్పలస్వామి. తెలుగు రాని డాక్టరమ్మ ‘మాట స్పష్టం’ అని రాసుకుంది.

స్కాన్‌లో రక్తస్రావం లేదు. మెడలో రక్తనాళం సన్నబడింది. వార్డులో ఉంచి మందులు మొదలుపెట్టారు. ఆ సాయంత్రమే మళ్లీ మూతి వాలింది, ఈసారి తగ్గలేదు. గడ్డ కరిగించే ఇంజక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి; అతను వార్డులోనే ఉన్నాడు గనక వెంటనే పడింది. కొన్నాళ్లకు తన కాళ్ల మీదే ఇంటికెళ్లాడు. కుడిచేతి పట్టు పూర్తిగా రాలేదు గనక క్రేన్ వదిలి స్టోర్సులో కూర్చున్నాడు. నిరుడు నేను ముందస్తు విరమణ తీసుకునే నాటికి షాపులో చెలామణీలో ఉన్నది అతని కథే: గుండెపోటొచ్చిన కాంపౌండర్ని తానే బతికించాడట.

మూతి వాలడం, చెయ్యి జారడం, మాట తడబడడం వాటంతటవే తగ్గిపోయినా మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాల్సిందే. తగ్గిపోయినవాణ్ణి బయల్దేరదీయడమే కష్టం. అది కూడా ప్రథమ చికిత్సలో భాగమని నా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.