ఉల్టా బిగించిన ఫ్యాను

మా ఆయన పోయి ఏడు నెలలైంది. ఆయన గిటార్, ఆంప్లిఫయర్ మా బొగ్గుగనుల కాలనీ ఆర్కెస్ట్రాకు ఇచ్చేద్దామని, ఈ రోజు లక్సెట్టిపేట నుంచి మెకానిక్ రాజయ్యను పిలిపించాను. ఆంప్లిఫయర్ వెనక పలక విప్పగానే నవ్వాడు.

“గీ ఫ్యాను ఎవలు బిగించిండ్రు మేడమ్? ఉల్టా ఉన్నది. లోపల కాగే గాజు వాల్వులకు గాలి కొట్టాలె, గిదేమో వేడంతా బయటికి తోస్తున్నది.”

“మా సారే బిగించిండు.”

“బొగ్గు దుమ్ము లోపలికి గుంజొద్దని పెట్టిండో ఏమో! సీదా చేయాల్నా?”

చలికాలం సాయంత్రాలు ఆయన వాయిస్తుంటే నేను ఆ పెట్టె వెనక కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. పాదాలకు వెచ్చగా గాలి తగిలేది. అది నా కోసమా, దుమ్ము భయమా, ఉత్త పొరపాటా? ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

“చెయ్యి” అన్నాను.

ఐదు నిమిషాల్లో తిప్పేశాడు. ఆన్ చేయించి, కాసేపు వేడెక్కనిచ్చి, వెనక నిలబడి చూశాను. పాదాలకు ఏమీ తగల్లేదు.

ఫ్యాను ఎటు తిరిగి ఉండాలో తెలిసినవారు చెప్పండి. ఆయన బిగించింది ఉల్టాయే అన్న రాజయ్య మాట నిజమైతే మాత్రం, నాకు కాస్త నెమ్మదిగా చెప్పండి.