ఏమీ లేదు ఆంటీ

మీరు నిలబడ్డ నేల కింద ఎవరు పడుకుని ఉన్నారో ఎప్పుడైనా అడిగారా? రోటోటూనా పేటలో కొత్త ఇల్లు కట్టుకున్న సహోదరుడా, నీ కారు ఆగే చోట పరిచిన కంకర ఏ కొండను తొలిస్తే వచ్చిందో నీకు తెలుసా? నేనూ అడగలేదు. అంతకంటే ఘోరం చేశాను. కళ్లారా చూసి, లేదని చెప్పాను. ఆ మాట నమ్మిన మనిషి పోయిన సోమవారం కన్నుమూసింది.

ఆమె మా పక్కింటి ఆంటీ. మావోరీ పెద్దావిడ, ఈ నేల మూలవాసి. వాళ్లు కూడా పెద్దవాళ్లను ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి వరస కోసం మేము వెతుక్కోవలసిన పని పడలేదు. ఆమె కూతురు మా తలుపు కొట్టి, "అమ్మ వెళ్లిపోయింది. నువ్వు వచ్చి మాట్లాడాలి. నీ గురించి మంచిగా చెప్పేది" అంది.

నేను బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ని కాను. ఆదివారం హాల్లో వాక్యం చెబుతాను, మిగతా ఆరు రోజులూ క్వారీలో పని. కొత్త హైవేకి కంకర మా కొండ నుంచే పోయేది. పైమట్టి తీసేటప్పుడు యంత్రం ముందు నిలబడి నేలను చూడటం నా పని. ఆ కొండ వాలు మీద ఆంటీ పూర్వీకులు దుంపలు దాచుకున్న గుంటలున్నాయి, సమాధులున్నాయని మాట ఉంది. అందుకని మట్టి తీసిన ప్రతిరోజూ ఆంటీ వచ్చేది. ఊలు స్వెటరు మీద నారింజరంగు జాకెట్ వేసుకుని, మడత కుర్చీలో కూర్చునేది. నల్లమట్టి గానీ, గవ్వగానీ, ఎముకగానీ కనబడితే ఆమె చెయ్యెత్తుతుంది. చెయ్యెత్తితే యంత్రం ఆగాలి. అది ఒప్పందం.

ఆమె క్వారీకి శత్రువు కాదు. ఆమె కొడుకులిద్దరూ ఆ లారీలే నడిపేవారు. "రోడ్డు కావాలి. ఆ మట్టిలో ఉన్న అవ్వ కూడా కావాలి. రెండూ కావాలంటే మెల్లగా తవ్వాలి, అంతే" అనేది. ఆ మాట చెప్పి ఇంజనీర్లకు టీ పోసేది.

పని మొదలుపెట్టే ముందు ఆమె ప్రార్థన చేస్తే అందరూ టోపీలు తీసేవారు. నేను తీయలేదు. లారీ వెనక్కి పోయి నా ప్రార్థన నేను చేసుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర ఆమె సీసాలో నీళ్లు పట్టుకుని నిలబడేది. చచ్చిపోయినవాళ్ల చోటు నుంచి ఇంటికి పోయే ముందు చేతులు కడుక్కోవాలి. అది మూఢనమ్మకం అని ఆమె ముఖం మీదే అన్నాను. ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ, "మా నాన్నను మట్టి చేసి వచ్చిన రోజు వాకిట్లో కాళ్లు కడుక్కున్నది ఎవరండీ, మీరు కాదా?" అంది.

మర్నాడు ఆంటీయే కదిపింది. "ప్రసంగీకుడా, నీ పుస్తకంలో ఒక పరదేశి ఉన్నాడు. భార్య చనిపోతే, ఆ ఊరివాళ్ల ముందు వంగి, అడిగి, ఆమెను పాతిపెట్టడానికి గుహ తీసుకున్నాడు. అడిగాడు. ఆ అధ్యాయం నీ బైబిల్లో చింపేశారా?"

నేను టోపీ తీసింది ఆ రోజే. సాయంత్రం చేతులు కూడా చాపాను. ఆమె నవ్వి, రెండు దోసిళ్లు ఎక్కువే పోసింది. ఆ తర్వాత గోడ మీద నుంచి ఫెజోవా పళ్ల సంచీ వచ్చేది, మా ఇంటి నుంచి గారెలు పోయేవి. "ఇందులో చిల్లు ఎందుకు? పిండి సరిపోలేదా?" అని ప్రతిసారీ అడిగేది.

ఒక గురువారం ఆమెకు ఆసుపత్రిలో పరీక్షలున్నాయి. "ఉత్తరపు మూల ఇవాళ గీస్తారు. నా బదులు నువ్వు చూడు. దేవుని మనిషివి, నీ మాటే నాకు చాలు" అని పోయింది.

యంత్రం నడిపేది మన గుంటూరు తమ్ముడే. పది గంటలవుతుంది. బకెట్ గీసిన చోట మట్టి నల్లబడింది. కాలిన రాళ్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య సన్నగా, కాస్త వంగి, పసుపుపచ్చగా ఒకటి. తమ్ముడు ఇంజను తగ్గించి తల బయటపెట్టాడు.

"అన్నా, గొర్రెదంటావా?"

నేను వంగి దగ్గరగా చూశాను.

"చెయ్యెత్తావంటే నెలల తరబడి మూల మూసేస్తారన్నా. ముందు పీకేది మన ఇద్దరినే. నీ వీసా ఏమవుద్ది?"

నా వర్క్ వీసా ఆ ఉద్యోగం మీదే వేలాడుతోంది. అతనిదీ అంతే. నా చెయ్యి లేచింది. ఆగమని కాదు, కానిమ్మని.

సాయంత్రం ఆంటీ గేటు దగ్గరికే వచ్చింది, చేతికి ఆసుపత్రి పట్టీ ఇంకా ఉంది. "ఏమైనా కనబడిందా?" అని అడిగింది.

"ఏమీ లేదు ఆంటీ."

ఆమె తన నోటుపుస్తకంలో రాసుకుని, క్వారీవాళ్ల కాగితం మీద సంతకం పెట్టింది. నా చేతుల మీద నీళ్లు పోసింది. అన్న తమ్ముడి రక్తం చిందిస్తే, నోరు తెరిచి మింగిన నేలలోంచి ఆ రక్తం మొరపెట్టిందని ఎన్నిసార్లు గొంతు చించుకుని చెప్పానో మీరే సాక్షులు. అప్పటి నుంచి ఆ వాక్యం చదవబోతే నాకు పేజీ మీద నల్లమట్టి కనబడుతుంది. అన్నం కలుపుతుంటే వేళ్ల మధ్య సన్నని, వంగిన వస్తువు తగులుతుంది.

చివరి వారం ఆమె మంచం పక్కన కూర్చున్నాను. చెప్పాలనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆమె అంది: "ఆ ఉత్తరపు మూలలో మా ముత్తవ్వ ఉందని అమ్మ చెప్పేది. చిన్నప్పుడు అటు పరుగెత్తనిచ్చేది కాదు. నువ్వు ఏమీ లేదన్నావు కదా, అమ్మే పొరబడినట్టుంది. మరి ఆమె ఎక్కడుందో."

నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. పెద్ద ప్రార్థన, మంచి మాటలు. ఆమె "ఆమేన్" అంది. తల్లి మాట తప్పనుకుంటూనే ఆమె పోయింది.

వాళ్ల ఆచారంలో శవపేటిక మూయరు. వచ్చినవాళ్లు చనిపోయిన మనిషితోనే ముఖాముఖి మాట్లాడతారు, తిట్టేదుంటే తిడతారు, నవ్వేదుంటే నవ్వుతారు. నా వంతు వచ్చింది. "ఆంటీ, మీ అమ్మ పొరబడలేదు" అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. ఆమె కూతురు లేచి వచ్చి, "అమ్మతో చెప్పావు, సరే. చనిపోయినవాళ్లు యంత్రాన్ని ఆపలేరు" అంది.

ఆ మూలలో అప్పుడు గీసింది అంచు మాత్రమే; మిగతాదంతా రేపు ఉదయం తవ్వుతారు. అక్కడ ఏమీ లేదనడానికి వాళ్ల దగ్గరున్న కాగితం ఆంటీ సంతకమే. దాని వెనకున్నది నా అబద్ధం. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మేనేజరు గేటు దగ్గరికి వచ్చి ఆమె కూతురి మాట వింటానన్నాడు. నేను వెళ్లి, ఎక్కడ, ఎంత లోతున, ఏమి చూశానో చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. గుంటూరు తమ్ముడూ, నిన్ను నేను ఇరికించను, నీ పేరు చెప్పను. కానీ ఒక్కడి మాట గాలిలో పోతుంది, ఇద్దరు సాక్షుల మాట నిలుస్తుంది. నీకు తెలుసు.

మిగతా మీలోనూ ఆ కొండ మీద పనిచేసినవాళ్లున్నారు. గవ్వను కాలితో తోసేసినవాళ్లున్నారు. సహోదరుడి మనసులో నీ మీద నొప్పి ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లమని వాక్యం. ఈ కాగితం మీ చేతికి ఆరాధనలో అందుతుంది. పాట మధ్యలో ఉన్నా లేవండి. ఆరాధన తర్వాత తినబోయే బిర్యానీ చల్లారనివ్వండి. ఉత్తరపు మూల గడ్డి మీద యంత్రం అప్పుడే నిలిపి ఉంది, బకెట్ పళ్లు నేలకు ఆని ఉన్నాయి. రేపటిదాకా ఆగకండి, ఇవాళే గేటు దగ్గరికి రండి.