మంచులో పడుకున్న ఇనుము

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో తెలివితక్కువవాణ్ణి నేనే. పేరు వరహాలరావు, ఊరు భీమునిపట్నం, పని మోటారు బోటు నడపడం. సముద్రం మీద ఆరేళ్లు లాంచీ నడిపినవాణ్ణి కదా, ఇంజను గురించి నాకు తెలియనిది లేదని కొమ్ములు మొలిచి ఉండేవి. ఆ కొమ్ములు విరిచినవాడు గాసి. అతని సంగతి నలుగురికీ తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

గాసి కమ్మరి. కొండల మీద ముంచింగిపుట్టు దాటి వెళ్తే మత్స్యగెడ్డ అనే ఏటి ఒడ్డున అతని కొలిమి. నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు, అంతే. నాగలి కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు చేసేవాడు. మనిషి పొట్టి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. అతనికో వింత అలవాటు ఉండేది. ఏ పనిముట్టు చేసినా వెంటనే చేతికిచ్చేవాడు కాదు. ఒక రాత్రి ఆరుబయట మంచులో పడేసి, తెల్లారి మళ్లీ పట్టిచూసి అప్పుడిచ్చేవాడు. ఎవరైనా తొందరపెడితే, "మద్దేనం పూట అందరూ మంచోల్లే బాబూ, తెల్లారగట్ల సూడాల," అనేవాడు. కొండవాడి చాదస్తం అనుకుని నేను నవ్వేవాణ్ణి.

1927లో ఆ గెడ్డను కొలవడానికి ఒక దొర వచ్చాడు. అతని కోసమే సాలూరు నుంచి ఎడ్లబండ్ల మీద బోటును కొండెక్కించాం. దానితోపాటు నేనూ ఎక్కాను. వారానికోసారి, సంతనాడు, అవతలి ఒడ్డు జనాన్ని బోటులో దాటించడానికి దొర ఒప్పుకున్నాడు. అంతకుముందు వాళ్లు దుంగ తొలిచిన దోనెలో దాటేవారు. మూడేళ్ల కిందట ఆ దోనె గెడ్డ నడుమ నల్లబండకు కొట్టుకుని తిరగబడితే గాసి పెళ్లాం రత్న మునిగిపోయింది. ఆ రోజు నుంచి గాసి నీళ్లలో కాలు పెట్టలేదు. కానీ కూతురు కనకను అప్పటికే అవతలి ఒడ్డు ఊళ్లో ఇచ్చాడు. ఆ పిల్ల సంతకు రావాలన్నా, తండ్రిని చూడాలన్నా అదే నీళ్లు దాటాలి. బోటు వచ్చాకే సంతనాడు గాసి నిబ్బరంగా కొలిమి ఊదుకుంటున్నాడు.

పుష్యమాసం వచ్చింది, నా పరువు పోయింది. బోటుకు రెండు లివర్లు. ఒకటి వేగానికి, దాని నుంచి ఒక తీగ సన్నటి గొట్టంలోంచి ఇంజను దాకా పోతుంది. రెండోది గేరుకు, దానికి పొడుగాటి ఇనపఊచ. ముందుకు తోస్తే బోటు ముందుకు, నడుమ పెడితే ఆగుతుంది, లాగితే వెనక్కు. తెల్లారేసరికి రెండూ బిగుసుకుపోయేవి. వేగం పెంచితే తగ్గదు, గేరు పడితే ఊడదు. తీరా పది దాటాక ఎండలో విప్పి చూస్తే, ఏ పాపం ఎరగనట్టు హాయిగా కదిలేవి! తిట్టాను, తన్నాను, కొబ్బరికాయ కొట్టాను. ఊరివాళ్లు గెడ్డతల్లికి కోడిని కోశారు. కోడి పోయింది గానీ జబ్బు పోలేదు.

బుధవారం పొద్దున్నే దొర బోటెక్కాడు. తిరిగి రేవుకు వస్తూ వేగం తగ్గిద్దామని లివరు లాగాను. రాలేదు. గేరు లాగాను. అదీ రాలేదు. బోటు గట్టుకు గుద్దుకుంది, దొర టోపీతో సహా నీళ్లలో పడ్డాడు. లేచి మీసాలు పిండుకుంటూ ఒక్కటే మాట అన్నాడు: శుక్రవారం పొద్దున సంత వేళకు బోటు సక్రమంగా అవతలికి వెళ్లి రావాలి, లేదా బోటూ నేనూ మళ్లీ సాలూరు బండి ఎక్కాలి.

ఈ కబురు విని గాసి సుత్తి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

"బోటెల్లిపోతే నా గుంట కనక మల్లీ దోనె ఎక్కాల. నన్నోపాలి సూడనీ బాబూ."

"ఇదేమైనా నాగలి కర్రు అనుకున్నావట్రా? మోటారు! సీమసరుకు! వెళ్లెళ్లు," అన్నాను.

నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాణ్ణి పట్టుకుని 'రా' అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అతను కదల్లేదు. వంగి, గొట్టం చివర వేలుపెట్టి తీసి వాసన చూశాడు. నాలిక్కి రాసుకున్నాడు.

"ఏటేసినావు బాబూ ఇందల?"

తల గోక్కుంటూ నిజం కక్కాను. భీమిలి నుంచి తెచ్చుకున్న గ్రీజు డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. దొరకు చెబితే చీవాట్లు పెడతాడని, సంతలో షావుకారు తాతారావు దుకాణంలో ఇప్పనూనె కొని పోశాను. మా భీమిలి ఎండలకు ఇప్పనూనె నీళ్లలా జారుతుంది మరి!

గాసి రెండు ఆకుదొప్పలు కుట్టి, ఒకదానిలో నా ఇప్పనూనె, రెండోదానిలో వాళ్ల చేలల్లో పండే వలిసెల నూనె పోసి ఆరుబయట బండ మీద పెట్టి పోయాడు. గురువారం తెల్లారి నన్ను పిలిచాడు. ముందు నా దొప్ప బోర్లించాడు. చుక్క పడలేదు, నెయ్యిలా పేరుకుపోయింది. తన దొప్ప వంచాడు. నూనె సన్నటి ధారగా నా అరచేతిలోకి కారింది.

"నీ బోటుకి దెయ్యమూ నేదు, గియ్యమూ నేదు. సలేత్తంది, అంతే! ఎండెక్కితే కరిగిపోతాది, నువ్వు అప్పుడు ఇప్పుతావు. ఇంకెలా దొరుకుతాది?" అని పగలబడి నవ్వాడు.

నేల చీలితే దూరిపోయేవాణ్ణి.

ఆ పగలంతా పనే. తీగ బయటికి లాగాం. గొట్టాన్ని బూడిదనీళ్లలో మరగబెట్టి జిడ్డంతా వదిలించి, నిప్పుల దగ్గర ఆరబెట్టాడు. తీగలో ఒక పోగు తెగి గొట్టం లోపల గీరుకుంటోంది. నేను పది సార్లు చూసీ చూడనిది అతని వేలికి తగిలింది. ఆ కొసను ఆకురాయితో నున్నగా రుద్దేశాడు. గేరు ఊచను ఒక కన్ను మూసి చూసి, "ఒంగిపోనాది," అన్నాడు. గుద్దిన గుద్దుకు ఒంగదూ మరి! కొలిమిలో కాల్చి మూడంటే మూడే దెబ్బలు వేశాడు, తిన్నగా వచ్చింది. ఊచను లివరుకు కలిపే చీల అరిగి వంకరగా పట్టేస్తోందని కొత్తది చేశాడు. అంతా బిగించాక వలిసెల నూనె చుక్కచుక్కగా పోశాడు. సాయంత్రానికి రెండు లివర్లూ వేలితో తోస్తే కదిలాయి. దొరకు చెబుదామని నేను ఒక్క గెంతు గెంతాను. గాసి నా చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఏటా తొందర! మంచులో పడుకున్న ఇనుమే మాటింటాది. తెల్లారనీ."

ఈసారి నేను నవ్వలేదు.

శుక్రవారం అవతలి ఒడ్డు కనిపించనంత మంచు. దొర గడియారం చేత్తో పట్టుకుని రేవులో నిలబడ్డాడు. నేను బోటెక్కి గాసిని రమ్మన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆ నీల్లు నాను సూడనేను బాబూ."

"ఇది నీ చేతి పని మావా. నువ్వెక్కకపోతే నేనూ నడపను," అన్నాను.

మావా అని పిలవడం అదే మొదలు. అతను బోటెక్కి, అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజను అందుకుంది. గేరు తోశాను, టక్కున పడింది. వేగం పెంచాను, పెరిగింది. తగ్గించాను, తగ్గింది! హమ్మయ్య అనుకున్నాను. నడిమికి చేరేసరికి మంచులోంచి నల్లబండ కనిపించింది.

"కళ్లు తెరువు మావా. నువ్వే ఆపు," అని అతని చేయి లివరు మీద పెట్టాను.

గాసి కళ్లు తెరిచాడు. లివరు లాగాడు. ఇంజను హోరు తగ్గింది. గేరు వెనక్కు లాగించాను, మళ్లీ నడుమకు పెట్టించాను. బండకు మూర దూరంలో బోటు చెప్పినట్టు నిలబడింది. ఆ బండ వంక అతను చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే గేరు ముందుకు తోశాడు.

అవతల కనక గంపతో నిలబడి ఉంది. తండ్రిని చూసి గంప కింద పెట్టేసింది.

"అయ్యా! నువ్వు నీల్లెక్కినావేటి!"

"ఎక్కినాను గుంటా. బేగి రా, సంతేల దాటిపోతంది."

పన్నెండుమందితో తిరిగి వచ్చి రేవులో ఆనీ ఆనకుండా ఆపాం. దొర గడియారం జేబులో వేసుకుని, నవ్వి, "బోటు ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

జనం ఈలలు వేశారు. గాసి మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని ఒడ్డుకు దించి, గెడ్డ వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"సూసినావేటే గెడ్డా! దాన్ని పట్టుకుపోనావు. దీన్ని పట్టుకుపోనేవు! ఇంక పట్టుకుపోనేవు!"

తర్వాత కూతురి గంప తన తలకెత్తుకుని సంతకు నడిచాడు. నేను బోటులోనే వంగి, లివర్లకు నూనె పోస్తున్నట్టు నటిస్తూ, ఏడ్చాను.