జాజు పండుగ పళ్లెం

మా ఆర్కెస్ట్రాలో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, "జాజ్" అనేవారు. చిన్న డ్రమ్ములు, తాళాల రేకులు, కాలితో తన్నే పెద్ద డ్రమ్ము, అన్నీ కలిపిన ఆ సెట్టునే మావైపు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో జాజ్ అంటారు. కీబోర్డు వాయించేవాడు కీబోర్డు, నేను జాజ్. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని సిద్దిపేటలో నాకు చెప్పినవాళ్లు లేరు, నేను అడిగిందీ లేదు.

మా బాపుకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. పెళ్లిళ్లలో పెట్టే బిందెలు, పళ్లేలు, చెంబుల మీద పేర్లు కొట్టేది ఆయనే. చిన్న సుత్తి, సన్నటి ఉలి పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ "ఫలానా వారి బహుమానం" అని రాసేవాడు. ఆ పనిలో ఎంత ఓపికో, నా జాజ్ వింటే అంత చిరాకు. "గిన్నెలమ్మేటోని కొడుకు గిన్నెలు కొట్టుకుంట తిరుగుతుండు" అని గిరాకీల ముందే అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నేనూ తక్కువవాణ్ణి కాను, మర్నాడు దుకాణం మొహం చూసేవాణ్ణి కాదు.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, పేపర్లో చిన్న వార్త పడింది. పట్నంలో ఆరుబయట మూడు సాయంత్రాలు జాజ్ ఉత్సవం, వేరే దేశాల కళాకారులు కూడా వస్తున్నారు. చివర "సంగీత ప్రియులందరూ ఆహ్వానితులే" అని ఉంది. నా లెక్కలో అది జాజ్ కొట్టేవాళ్ల పండుగ, ఆ చివరి మాట నాకు పిలుపు. పేపరు తీసుకుపోయి బాపు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"పేపర్ల ఏసి పిలుస్తరా?" అన్నాడు.

"కళాకారులకు ఇంటింటికి తిరిగి బొట్టు పెడ్తరా బాపు? గిట్లనే పిలుస్తరు," అన్నాను, అంతా తెలిసినవాడిలాగా.

ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, సాయంత్రానికల్లా బజారంతా చెప్పాడు. "మావోన్ని పట్నం పిలిచింది" అంటున్నది గిన్నెల లొల్లి అని తిట్టిన ఆ నోరే. తనూ వస్తానన్నాడు. ఇస్త్రీ ధోతి కట్టుకుని, బస్సు మీదికి డ్రమ్ములు ఎక్కిస్తుంటే కింద నిలబడి "పైలం, పైలం" అని అరిచాడు. బస్టాండు దగ్గరి టీ హోటలాయన మాకు చాయ్ పోసి, "గెల్చి రా బిడ్డా" అన్నాడు.

అక్కడ పచ్చిక మీద కుర్చీలు వేశారు, చెట్లకు బల్బులు కట్టారు. గేటు దగ్గర చూసుకుంటున్నాయన డ్రమ్ములు కట్టిన మా దుప్పటి మూటలు చూసి, "మీరేం వాయిస్తారండీ?" అని అడిగాడు.

"జాజ్."

"ఇక్కడ అందరిదీ జాజేనండి. మీ వాయిద్యం ఏది?"

"గదే, జాజ్," అన్నాను గొంతు పెంచి. దుప్పటి విప్పి చూపించాను కూడా.

ఆయన వంగి డ్రమ్ములను చూశాడు. తర్వాత మెల్లగా, "ఇవి డ్రమ్స్ అండీ. జాజ్ అంటే ఒక రకం సంగీతం," అన్నాడు. నవ్వి ఉంటే పోట్లాడేవాణ్ణి. నవ్వలేదు. డ్రమ్ములు సైకిల్ స్టాండు పక్కన పెట్టించి, మమ్మల్ని చివరి వరుసలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించాడు. పిలవని పేరంటానికి డ్రమ్ములతో సహా వచ్చామని అప్పుడు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది, బాపు వైపు చూడలేకపోయాను.

ముందు ఒకాయన పెద్ద ఇత్తడి బూర ఊదాడు. బాపు చాలాసేపు విని, "పాట ఎప్పుడు షురూ జేస్తరు?" అని అడిగాడు. అదే పాటని నాకూ తెలియదు. తర్వాత అందరూ ఆపి డ్రమ్ములాయనకు వదిలేశారు. ఆయన కొట్టినదానికంటే కొట్టకుండా ఆగిందే ఎక్కువ. బాపు ముందుకు వంగి విన్నాడు. నాకు మాత్రం చెవులు సిగ్గుతో వేడెక్కి, సగం కూడా వినపడలేదు. జన్మలో మొదటిసారి విన్న జాజ్‌ను అట్లా పాడుచేసుకున్నాను.

మర్నాడు సిద్దిపేటలో బస్సు దిగగానే టీ హోటలాయన "ఎట్లయింది సేటూ?" అని కేకేశాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. బాపు ఆగలేదు. "కొట్టిండు, మంచిగ కొట్టిండు," అంటూ నడిచాడు. రేకు పల్చగా ఉన్న బిందెను పల్చగుందని కొనేవాళ్లకే చెప్పి గిరాకీ పోగొట్టుకునే మనిషి ఆయన.

ఆ వారంలోనే దుకాణంలో గల్లా వెనక ఒక స్టీలు పళ్లెం నిలబడింది. దాని మీద చుక్కల అక్షరాలతో నా పేరు, కింద "జాజు పండుగ, పట్నం వారి బహుమానం." చివర కొమ్ము లేకపోతే బాపుకు మాట పూర్తయినట్టు ఉండదు. మావైపు జాజు అంటే గడపలకు, గోడలకు పూసే ఎర్రమట్టి. పట్నం వాళ్లు నాకు ఎర్రమట్టి పండుగలో బహుమానం ఇచ్చారన్నమాట!

"గిదేంది బాపు? తీసెయ్," అన్నాను.

"ఉండనియ్," అన్నాడు, తల ఎత్తకుండా.

వచ్చినవాళ్లంతా ఆ పళ్లేన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చదివి, "శభాష్" అనేవారు. ఇంకో ప్రశ్న వేసేవారు కాదు. టీ హోటలాయన దాని అంచును వేలితో మీటి, నా వైపు చూసి, "చాయ్ తాగుదం పా" అన్నాడు, అంతే. వాళ్ల అమాయకత్వానికి నాకు ఇంకా సిగ్గేసేది. నావల్ల బాపు అబద్ధాలకోరయ్యాడని కుమిలిపోయేవాణ్ణి. ఎవడో ఒకడు గుట్టు విప్పుతాడని భయపడి, ఎవరైనా గిరాకీ కనబడితే దుకాణం వెనక గల్లీలోకి జారుకునేవాణ్ణి. ఆర్కెస్ట్రాలో ఆ సెట్టును డ్రమ్స్ అనమన్నాను. ఎవరికీ నోరు తిరగలేదు, నేను జాజ్‌గానే ఉండిపోయాను.

కొన్నేళ్లకు నాకు పెళ్లయింది. ఆమెది మా పక్కనే ఉన్న నారాయణరావుపేట. కొత్తలో ఒకరోజు దుకాణానికి అన్నం తెచ్చి, పళ్లెం చూసి కిసుక్కున నవ్వింది.

"మామ కొట్టిందే గదా గిది?"

బయట ఎవరన్నా విన్నారేమోనని తొంగి చూశాను. "నీకెవలు చెప్పిన్రు?"

"చెప్పుడెందుకు? మా అవ్వ పెండ్లి బిందె మీద గూడ బహుమానంల 'హ' గిట్లనే ఉంటది, తోక మీదికి లేసి. మా ఊర్ల ఏ ఇంట్ల జూసినా గిదే చెయ్యి."

పళ్లెం తీసి నేనూ వెలుతురుకు తిప్పాను. సిద్దిపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో, బాపు చేతిరాత లేని వంటిల్లు అరుదు. పొద్దున లేస్తే ఆ అక్షరాల మీదుగానే నీళ్లు ముంచుకుంటారు. టీ హోటలాయన బిడ్డ పెళ్లి సామానంతా మా దగ్గర కొన్నదే. పళ్లెం వెలుతురుకు తిప్పిన ప్రతి ఒక్కరూ మొదటి చూపులోనే అసలు సంగతి చదివేసి, "శభాష్" అని వెళ్లిపోయారు. ఇన్నేళ్లూ వాళ్లను అమాయకులనుకున్నందుకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం బాపును అడిగాను. "నీ చెయ్యి అందరు గుర్తువడ్తరని తెల్వదా బాపు? వేరేటోనితోని కొట్టిస్తే అయిపోవు గదా."

ఆయన ఒళ్లో కొత్త చెంబు పెట్టుకుని చుక్కలు కొడుతున్నాడు. సుత్తి ఆపలేదు.

"ఎవలు పెట్టిన్రో తెల్వాలనే గదరా సామాను మీద పేరు కొట్టేది? గిది నేను పెట్టిందని తెలిసినంక నిన్ను ఎవడన్న ఒక్క మాట అడిగిండా?"

అడగలేదు. ఒక్కడూ అడగలేదు.